మృత్తికా యాంత్రిక శాస్త్ర ప్రయోగశాల బోధన: గుంటూరు–ప్రకాశం నేలల నేపథ్యం

నిర్వచనం, పరిధి

సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ విద్యార్థులు మట్టిని తమ చేతులతో జల్లించి, తడిపి, పిసికి, దట్టించి, బరువు మోపి నలగ్గొట్టి, దాని గుణాలను అంకెల్లో పట్టుకునే అభ్యాసమే మృత్తికా యాంత్రిక శాస్త్ర ప్రయోగశాల బోధన. విద్యార్థులు దీన్ని సాయిల్ ల్యాబ్ అంటారు. పాఠ్యప్రణాళికల్లో ఎక్కువగా జియోటెక్నికల్ ఇంజనీరింగ్ ల్యాబ్ అనే పేరుతో ఉంటుంది. నాలుగేళ్ల బీటెక్‌లో సాధారణంగా మూడో ఏట, సిద్ధాంత పాఠంతో పాటుగానో దాని వెంటనో వస్తుంది.

ఉక్కు, సిమెంటు ఫ్యాక్టరీలో తయారై నాణ్యతా ముద్రతో పనిస్థలానికి చేరతాయి. మట్టికి అలాంటి ముద్ర ఉండదు. కట్టడం ఎక్కడ లేవాలో అక్కడి నేలనే పరీక్షించి, దాని బలమెంతో, నీరు తగిలితే ఏమవుతుందో, బరువు మోపితే ఎంత కుంగుతుందో తేల్చుకోవాలి. ఈ ల్యాబు విద్యార్థికి మూడు పనులు నేర్పుతుంది: మట్టిని గుర్తించడం, ప్రమాణాల ప్రకారం కొలవడం, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడం. మూడోది పుస్తకంలో చదివి నేర్చుకోవడం కష్టం. అంకె ఎలా పుట్టిందో చూసినవారికే అది ఎక్కడ తప్పగలదో తెలుస్తుంది.

ప్రాంతీయ నేపథ్యం: పొదిలి పరిసర నేలలు

పొదిలి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలికి వెళ్లే దారిలోనూ, ఆ చుట్టుపక్కలా సాయిల్ ల్యాబుకు కావలసిన మట్టి రకాలు చాలావరకు దొరుకుతాయి. తీరాన కొత్తపట్నం వైపు సన్న ఇసుక ఉంటుంది. లోపలికి వస్తే నల్లరేగడి చేలు, చీమకుర్తి దగ్గర బ్లాక్ గెలాక్సీ రాతి క్వారీలు, ఆపైన పడమరకు గ్రానైటు వంటి గట్టిరాళ్లు శిథిలమై ఏర్పడిన ఎర్రనేలలు, వాటి అడుగున గ్రావెల్ పొరలు కనిపిస్తాయి. మార్కాపురం, అద్దంకి ప్రాంతాల మీదుగా పారే గుండ్లకమ్మలో నది ఇసుక ఉంది.

గుంటూరు వైపు వెళ్లేకొద్దీ రేగడి విస్తారమవుతుంది. పత్తికీ మిరపకూ పేరుపడిన పొలాలు అవి. రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం ఎక్కువ. దాని పలుచని పొరల మధ్యకు నీరు చేరి వాటిని ఎడం చేస్తుంది. వానాకాలంలో ఆ నేల ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. పైరుకు చాలాకాలం తేమ అందించే ఈ గుణమే ఆ నేల మీద లేచిన గోడకు ముప్పు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు, ఎత్తుపల్లాలైన గచ్చు, అలలు తేలిన తారురోడ్డు రేగడి ఊళ్లలో తరచు కనిపించే ఆనవాళ్లు.

పక్కపక్కనే ఉన్న ఈ ఎర్ర, నల్ల మట్టులు ప్రతి పరీక్షలోనూ దాదాపు ఎదురెదురు ఫలితాలిస్తాయి. అందుకే ఈ ప్రాంతపు కళాశాలలకు బోధనా సామగ్రి దూరం నుంచి తెప్పించుకోవలసిన అవసరం లేదు.

చరిత్ర: ప్రపంచంలో

మట్టి ప్రవర్తనను లెక్కలోకి తెచ్చే ప్రయత్నాలు ఈ శాస్త్రానికి పేరు పుట్టకముందే మొదలయ్యాయి. ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ 1776లో గోడల మీద మట్టి ఒత్తిడిని ఘర్షణ, సంసక్తుల ఆధారంగా వివరించాడు. 1856లో డార్సీ ఇసుక గుండా నీరు పారే వేగానికి సూత్రం చెప్పాడు. 1911లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అటర్‌బర్గ్ బంకమట్టి ఎంత నీటి దగ్గర ముద్దవుతుందో, ఎంత దగ్గర జారుతుందో చెప్పే అవధులను నిర్వచించాడు. ఆయన దృష్టి వ్యవసాయ నేలల మీద ఉంది. ఆ అవధులే తర్వాత ఇంజనీర్ల మొదటి పరీక్షలయ్యాయి.

ప్రయోగశాలను ఈ శాస్త్రానికి పునాది చేసినవాడు కార్ల్ టెర్జాగి. ఇస్తాంబుల్‌లోని రాబర్ట్ కాలేజీలో పాఠాలు చెబుతూ, దొరికిన వస్తువులతో పరికరాలు చేసుకుని బంకమట్టి కుంగుదల మీద ప్రయోగాలు చేశాడు. వాటి సారమైన గ్రంథం 1925లో వెలువడింది. అదే ఏడు ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చేరాడు. ఆయన సహచరుడు ఆర్థర్ కాసాగ్రాండే 1932లో లిక్విడ్ లిమిట్ పరికరాన్ని ప్రమాణీకరించాడు. లాస్ ఏంజెలస్‌లో మట్టి ఆనకట్టల పని చూసిన ప్రాక్టర్ 1933లో దట్టింపు పరీక్షను ప్రకటించాడు. రోడ్ల కోసం సీబీఆర్ (కాలిఫోర్నియా బేరింగ్ రేషియో) పరీక్ష 1920ల చివర కాలిఫోర్నియా రహదారుల విభాగంలో రూపుదిద్దుకుంది. 1936లో హార్వర్డ్‌లో ఈ శాస్త్రపు తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. విద్యార్థి ల్యాబులో నేటికీ చేసే పరీక్షల్లో చాలా భాగం ఈ పాతికేళ్లలో పుట్టినవే.

చరిత్ర: భారతదేశంలో, తెలుగు ప్రాంతాల్లో

నేటి ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీకి మూలమైన సంఘం 1948లో ఏర్పడింది. 1947లో మొదలైన రూర్కీ కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసం అడుగున ఉబ్బెత్తు గల అండర్‌రీమ్డ్ పైళ్లను అభివృద్ధి చేసింది. ఉబ్బులూ కుంచింపులూ చేరని లోతులో ఆ ఉబ్బెత్తు పాతుకుని కట్టడాన్ని కదలనివ్వదు. ఐ.ఐ.టి. బొంబాయిలో ఆర్.కె. కట్టి రేగడి మీద ఉబ్బని బంకమట్టి పొర పరచే పద్ధతిని రూపొందించారు. దాన్ని కర్ణాటకలోని మలప్రభ కాలువ మీద వాడారు. జె.ఎన్.టి.యు.లో 1990ల్లో బి.ఆర్. ఫణికుమార్ కంకర పైళ్లకు లంగరు బిగించి, ఉబ్బే నేల పునాదిని పైకి నెట్టకుండా నిలిపే పద్ధతి మీద పరిశోధన చేశారు.

ప్రయోగాలకు ఒకే భాష కల్పించింది భారతీయ ప్రమాణాల సంస్థ. ఐ.ఎస్. 2720 అనే ప్రమాణం 1960ల నుంచి భాగాలు భాగాలుగా వెలువడింది. ఐదో భాగం లిక్విడ్, ప్లాస్టిక్ లిమిట్లది. ఏడోది తేలికపాటి దట్టింపుది, పదహారోది సీబీఆర్‌ది, నలభయ్యోది ఫ్రీ స్వెల్‌ది. మట్టి వర్గీకరణకు ఐ.ఎస్. 1498 ఉంది. పొదిలి కుర్రవాడు ఒంగోలులో చేసినా, గువాహటిలో మరొకరు చేసినా పరీక్ష ఒకటే కావడానికి ఈ ప్రమాణాలే కారణం.

తెలుగునాట ఇంజనీరింగ్ విద్య ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల (1929), విశాఖపట్నంలో మొదలై కాకినాడకు తరలిన ప్రభుత్వ కళాశాల (1946), వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (1959) వంటి చోట్ల వేళ్లూనింది. కాకినాడ కళాశాల 1972లో జె.ఎన్.టి.యు.లో భాగమై, 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో విజయవాడ వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ కళాశాల (1977), బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల (1981), గుంటూరు ఆర్.వి.ఆర్. అండ్ జె.సి. కళాశాల (1985) వెలిశాయి. తర్వాత ఒంగోలు, మార్కాపురాల్లో కూడా కళాశాలలు రావడంతో పొదిలి పిల్లలకు ఇంజనీరింగ్ చదువు దగ్గరైంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సి. వెంకట్రామయ్య రాసిన జియోటెక్నికల్ ఇంజనీరింగ్ పాఠ్యగ్రంథం దేశమంతటా విద్యార్థుల చేతుల్లో ఉంది. ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ వార్షిక సదస్సు 2009లో గుంటూరులో, 2014లో కాకినాడలో జరిగింది.

ప్రయోగాల వర్గీకరణ

ల్యాబు ప్రయోగాలను అవి జవాబిచ్చే ప్రశ్నను బట్టి ఐదు తరగతులుగా విడదీయవచ్చు.

1. గుర్తింపు పరీక్షలు. ఇది ఏ మట్టి? తేమ శాతానికి నమూనాను 105 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో దాదాపు ఒక రోజు ఆరబెడతారు. జిప్సం గానీ సేంద్రియ పదార్థం గానీ ఉన్న మట్టికి అంత వేడి పనికిరాదు. 4.75 మిల్లీమీటర్ల నుంచి 75 మైక్రాన్ల దాకా జల్లెడలు పేర్చి రేణువుల పరిమాణం తేలుస్తారు. అంతకన్నా సన్నటి భాగానికి హైడ్రోమీటరు వాడతారు. లిక్విడ్ లిమిట్‌కు 425 మైక్రాన్ల జల్లెడ దిగిన మట్టిని తడిపి ఇత్తడి గిన్నెలో పరచి, మధ్యలో చాలు తీసి, గిన్నెను 10 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి సెకనుకు రెండుసార్ల చొప్పున పడనిస్తారు. 25 దెబ్బలకు చాలు 12 మిల్లీమీటర్ల మేర మూసుకునేంత తేమే లిక్విడ్ లిమిట్. మట్టిని అరచేత్తో తాడులా పేనితే 3 మిల్లీమీటర్ల మందం దగ్గర విరిగిపోయే తేమ ప్లాస్టిక్ లిమిట్. ఈ రెంటి తేడా ప్లాస్టిసిటీ ఇండెక్స్. అది ఎంత ఎక్కువైతే మట్టి అంత బంక.

2. దట్టింపు పరీక్షలు. ఎంత తేమ దగ్గర మట్టి బాగా దట్టమవుతుంది? తేలికపాటి పద్ధతిలో 1000 ఘన సెంటీమీటర్ల మోల్డులో మూడు పొరలుగా మట్టి వేసి, ఒక్కో పొరను 2.6 కిలోల ర్యామర్‌తో 310 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి 25 దెబ్బలు కొడతారు. బరువైన పద్ధతిలో పొరలు ఐదు, ర్యామర్ 4.9 కిలోలు, ఎత్తు 450 మిల్లీమీటర్లు. తేమ పెంచుతూ పోతే పొడి సాంద్రత కొంతదాకా పెరిగి, ఆపైన తగ్గుతుంది. ఆ శిఖరం దగ్గరి తేమను ఓఎంసీ అనీ, సాంద్రతను ఎండీడీ అనీ పిలుస్తారు. పనిస్థలంలో రోలర్ తొక్కిన మట్టి ఆ స్థాయికి చేరిందో లేదో తేల్చడానికి కోర్ కట్టర్, శాండ్ రీప్లేస్‌మెంట్ పద్ధతులున్నాయి. మెత్తటి బంకమట్టిలో కోర్ కట్టర్ చక్కగా దిగుతుంది. గ్రావెల్ కలిసిన ఎర్రమట్టిలో దిగదు కాబట్టి అక్కడ గుంట తవ్వి, సాంద్రత తెలిసిన ఇసుక నింపి దాని ఘనపరిమాణం కొలుస్తారు.

3. నీటి ప్రవాహ పరీక్షలు. నీరు ఎంత వేగంగా సాగుతుంది? ఇసుకకు స్థిర మట్టపు పద్ధతి, బంకమట్టికి పడిపోయే మట్టపు పద్ధతి సరిపోతాయి. చెరువుకట్ట గుండా నీరు ఊరడం, పునాది గుంతలో ఊట వంటివి ఈ పరీక్షకు చెందిన సమస్యలు.

4. బలం, కుంగుదల పరీక్షలు. ఎంత మోస్తుంది, ఎంత దిగుతుంది? డైరెక్ట్ షియర్ పెట్టెలో 60 మిల్లీమీటర్ల చదరపు నమూనాను సగానికి అడ్డంగా కోస్తారు. అన్‌కన్‌ఫైన్డ్ కంప్రెషన్ పరీక్షలో 38 మిల్లీమీటర్ల వ్యాసం, 76 మిల్లీమీటర్ల పొడవున్న బంకమట్టి స్తంభాన్ని పక్క ఆధారం లేకుండా నొక్కుతారు. ట్రైయాక్సియల్ పరీక్షలో చుట్టూ నీటి ఒత్తిడి ఉంచి నొక్కుతారు. కన్సాలిడేషన్ పరీక్షలో 60 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల మందమున్న బిళ్ల మీద బరువు రెట్టింపు చేసుకుంటూ, ఒక్కో బరువును ఒక్కో రోజు ఉంచి కుంగుదల చూస్తారు. రోడ్ల కోసం చేసే సీబీఆర్ పరీక్షలో 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న ప్లంజరు నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల వేగంతో మట్టిలోకి దిగుతుంది.

5. ఉబ్బు పరీక్షలు. నీరు తగిలితే ఎంత పెరుగుతుంది? ఫ్రీ స్వెల్ పరీక్షకు రెండు కొలత గొట్టాలు చాలు. రెండింటిలోనూ 10 గ్రాముల చొప్పున పొడిమట్టి వేసి ఒకదాన్ని నీటితో, రెండోదాన్ని కిరోసిన్‌తో నింపి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్ బంకమట్టిని ఉబ్బించదు. అందుకే దాని మట్టాన్ని ఆధారంగా తీసుకుంటారు. రేగడి ప్రాంతపు కళాశాలల్లో ఈ పరీక్షకు ప్రాధాన్యం ఎక్కువ.

తరగతి నిర్వహణ

తరగతిని బ్యాచులుగా, బ్యాచిని ఐదారుగురి జట్లుగా విడదీయడం మామూలు. జట్టులో ఒకరు పరికరం నడిపితే ఒకరు రీడింగు చెబుతారు, ఇంకొకరు రాస్తారు. అబ్జర్వేషన్ పుస్తకంలో రాసుకున్న ముడి రీడింగులకు అధ్యాపకుడి సంతకం పడ్డాకే రికార్డులోకి లెక్కలూ గ్రాఫులూ ఎక్కుతాయి. ల్యాబ్ అసిస్టెంటు పాత్ర కీలకం. మట్టి తెప్పించడం, చెక్క సుత్తితో నలగ్గొట్టడం, జల్లించి డబ్బాల్లో నింపడం, ముందురోజే రేగడిని తడిపి ఉంచడం ఆయన పని. బంకమట్టి ముద్దకు నీరు సమంగా పట్టడానికి దాదాపు ఒక రోజు కావాలి. దాన్ని తరగతి మొదలయ్యాక తడిపితే లిక్విడ్ లిమిట్ సరిగా రాదు.

కాలం ఈ బోధనకు పెద్ద అడ్డంకి. తరగతి మూడు గంటలది. ఓవెన్‌కు ఒక రోజు, నానబెట్టిన సీబీఆర్‌కు నాలుగు రోజులు, కన్సాలిడేషన్‌కు వారం దాటి పడతాయి. చాలా ల్యాబులు ఒక బ్యాచి పెట్టిన నమూనాను మరో బ్యాచి తీసే ఏర్పాటు చేసుకుంటాయి. కొన్నిచోట్ల కన్సాలిడేషన్‌లో ఒకే బరువు దశను తరగతిలో చూపించి, మిగతా రీడింగులను లెక్క కోసం అందిస్తారు. (చూ. బోధనా పద్ధతులు.)

లెక్కకు ఉదాహరణ: రెండు మట్టులు

బోధనలో అంకెలు నడిచే తీరు చూపడానికి కింది ఊహా విలువలు సరిపోతాయి. ఒక రేగడి నమూనాకు లిక్విడ్ లిమిట్ 68 శాతం, ప్లాస్టిక్ లిమిట్ 27 శాతం వచ్చాయనుకుంటే ప్లాస్టిసిటీ ఇండెక్స్ 41. వర్గీకరణ పటంలోని ఏ–రేఖ విలువ 0.73ను 68లో 20 తీసివేయగా వచ్చిన 48తో గుణిస్తే 35. నమూనా ఆ రేఖకు పైన ఉంది. లిక్విడ్ లిమిట్ 50 దాటింది. కాబట్టి అది సీహెచ్ వర్గపు అధిక సంపీడ్యత గల బంకమట్టి. ఫ్రీ స్వెల్ గొట్టాల్లో కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్లు, నీటిలో 22 మిల్లీలీటర్లు ఉంటే ఉబ్బు సూచిక 120 శాతం. ఐ.ఎస్. 1498 లెక్కన 50 లోపు ఉబ్బు తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 నుంచి 200 అధికం, ఆపైన అత్యధికం.

అదే మట్టిని దట్టిస్తే మోల్డులో తడి మట్టి 1.92 కిలోలు, తేమ 24 శాతం వచ్చిందనుకుందాం. 1.92ను 1.24తో భాగిస్తే పొడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.55 గ్రాములు. నాలుగు రోజులు నానబెట్టాక సీబీఆర్ ప్లంజరు 2.5 మిల్లీమీటర్లు దిగడానికి 29 కిలోల బరువు పడితే, ప్రామాణిక బరువు 1370 కిలోలతో పోల్చగా సీబీఆర్ సుమారు 2 శాతం. గ్రామీణ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది అత్యంత బలహీనమైన తరగతి. అక్కడ రోడ్డు పొరల మందం పెంచాలి, లేదా అడుగున మంచి మట్టి పరచాలి.

పక్క ఊరి ఎర్రమట్టి ఇదే దారిలో నడిస్తే లిక్విడ్ లిమిట్ 32, ప్లాస్టిక్ లిమిట్ 18, ఉబ్బు నామమాత్రం, సీబీఆర్ 9 రావచ్చు. ఆ సీబీఆర్ మంచి తరగతి కిందికి వస్తుంది. రెండు మట్టుల దట్టింపు వక్రాలను ఒకే గ్రాఫు మీద గీస్తే రేగడి శిఖరం ఎక్కువ తేమ దగ్గర, తక్కువ ఎత్తులో ఉంటుంది. ఎర్రమట్టి శిఖరం తక్కువ తేమ దగ్గర, ఎక్కువ ఎత్తులో ఉంటుంది. దట్టించిన శ్రమ ఒకటే, ఫలితాలు వేరు. ఆ తేడా ఎందుకు వచ్చిందో విద్యార్థి తన మాటల్లో చెప్పగలిగితే ప్రయోగం లక్ష్యం నెరవేరినట్టే.

దోషాలు దొర్లే చోట్లు

లిక్విడ్ లిమిట్ గిన్నె అరిగి, పడే ఎత్తు 10 మిల్లీమీటర్లు తప్పితే దెబ్బల సంఖ్య మారిపోతుంది. నీరు ఎక్కువైన ముద్దలో పొడిమట్టి కలపడం మరో తరచు పొరపాటు. ముద్దను కలుపుతూ ఆరనివ్వాలి. ప్లాస్టిక్ లిమిట్ తాడు మందాన్ని కంటితో అంచనా వేస్తారు గనుక అది చేసేవారిని బట్టి మారుతుంది. పక్కన 3 మిల్లీమీటర్ల కడ్డీ ఉంచితే ఆ తేడా తగ్గుతుంది. ఒకసారి దట్టించిన రేగడినే మళ్లీ పొడిచేసి దట్టిస్తే ఫలితం వేరుగా వస్తుంది, ప్రతి బిందువుకూ కొత్త మట్టి కావాలి. సీబీఆర్ వక్రం మొదట్లో పైకి పుటాకారంగా లేస్తే మూలబిందువును సవరించుకోవాలి. క్రమాంకనం చేయని ప్రూవింగ్ రింగు ఇచ్చే బలం ఎంత చక్కగా కనిపించినా నమ్మదగింది కాదు.

ఇవన్నీ వైవాలో అడగదగ్గ ప్రశ్నలు. గత సంవత్సరపు రికార్డులోని విలువలను దించుకునే అలవాటును ఆపడానికి అధ్యాపకులు ఏటా మట్టి తెచ్చే చోటు మార్చడం, ఒక్కో జట్టుకు ఒక్కో నమూనా ఇవ్వడం వంటి పద్ధతులు పాటిస్తారు.

బోధనా పద్ధతులు

మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది నిర్దేశిత పద్ధతి: మాన్యువల్‌లో చెప్పిన మెట్లు వరసగా చేయడం. ప్రమాణాలు అలవాటు కావడానికి ఇది తప్పనిసరి. రెండోది సమస్య ఆధారిత పద్ధతి. ఒక స్థలం, ఒక కట్టడం పేర్కొని, ఏ పరీక్షలు అవసరమో విద్యార్థులనే ఎంచుకోమంటారు. చివరి ఏడాది ప్రాజెక్టులు ఇలాంటివే. రేగడికి సున్నం, విజయవాడ థర్మల్ కేంద్రం నుంచి వచ్చే ఫ్లై యాష్, క్వారీ డస్ట్ వంటివి కలిపి, ఉబ్బు ఎంత తగ్గిందో, సీబీఆర్ ఎంత పెరిగిందో కొలవడం ఈ ప్రాంతపు విద్యార్థులకు బాగా తెలిసిన పని. మూడోది ప్రదర్శన పద్ధతి. అమెరికాలో డేవిడ్ ఎల్టన్ 2001లో చిన్న చిన్న మట్టి ప్రదర్శనలతో ‘సాయిల్స్ మ్యాజిక్’ అనే సంకలనం తెచ్చారు. నీరు కిందినుంచి ఒత్తగానే ఇసుక బలం కోల్పోవడం వంటివి ఇలా క్షణాల్లో కళ్లకు కడతాయి.

ఈ విషయంలో తరచు ఉదాహరించే ఆలోచన జాన్ బర్లండ్ 1987లో ప్రతిపాదించిన త్రిభుజం. నేల పొరల తీరు, కొలిచిన ప్రవర్తన, లెక్కల నమూనా అనేవి దాని మూడు కొసలు. అనుభవం మధ్యలో ఉంటుంది. ప్రయోగశాల వీటిలో ఒక కొస. మిగతావాటితో కలపకుండా దాన్ని విడిగా నేర్పితే విద్యార్థికి పరీక్ష తెలుస్తుంది గానీ నేల తెలియదు. అందుకే కళాశాల ఆవరణలోనే గుంత తవ్వించి, పొరలు గీయించి, కోర్ కట్టర్‌తో నమూనా తీయించే క్షేత్ర అభ్యాసానికి విలువ ఎక్కువ.

ఇంజనీరింగ్ ల్యాబులు ఎందుకు అన్న ప్రశ్న మీద 2002 జనవరిలో శాన్ డియాగోలో జరిగిన సమావేశం 13 లక్ష్యాలను గుర్తించింది. పరికరాలను వాడటం, దత్తాంశాన్ని విశ్లేషించడం వంటి వాటితో పాటు వైఫల్యం నుంచి నేర్చుకోవడం, భద్రత, జట్టుపని కూడా వాటిలో ఉన్నాయి. భారతదేశం 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందాక, విద్యార్థి ఏం చేయగలడన్న దాన్నే కొలతగా తీసుకునే ఫలితాధారిత విధానం ఇక్కడి కళాశాలల్లో విస్తరించింది.

వర్చువల్ ల్యాబులు

కేంద్ర ప్రభుత్వం 2009లో మొదలుపెట్టిన సమాచార సాంకేతిక విద్యా మిషన్‌లో భాగంగా వర్చువల్ ల్యాబులు వచ్చాయి. 2020లో కోవిడ్ వల్ల కళాశాలలు మూతపడ్డప్పుడు వాటి వాడకం పెరిగింది. రోజుల తరబడి సాగే కన్సాలిడేషన్ వంటి పరీక్షను తెరమీద నిమిషాల్లో నడిపి చూపడం, తరగతికి ముందు మెట్లు నేర్పడం వాటి బలం. తెరమీది మట్టి వేళ్లకు అంటుకోదు. బంక, గరుకు, జిగురు తాకి తెలుసుకోవలసినవి గనుక వర్చువల్ ల్యాబులను సన్నాహానికి వాడి, అసలు ప్రయోగాన్ని ల్యాబులో చేయించడం మేలన్న అభిప్రాయం అధ్యాపకుల్లో బలంగా ఉంది.

భద్రత

సంకోచ అవధి పరీక్షలో మట్టి బిళ్ల ఘనపరిమాణానికి పాదరసం వాడటం సంప్రదాయం. దాని ఆవిరి విషం. అందుకే చాలాచోట్ల ఆ ప్రయోగాన్ని అధ్యాపకుడే ట్రేలో చేసి చూపుతారు, లేదా మైనం పూసి నీటిలో తూచే పద్ధతికి మారుతున్నారు. ర్యామర్ కింద వేళ్లు నలగకుండా, ఓవెన్ నుంచి డబ్బాలు పటకారుతో తీసేలా, కిరోసిన్ మంటకు దూరంగా ఉండేలా జాగ్రత్తలు పాటించాలి. పొడిమట్టి జల్లించే చోట మాస్కు అవసరం.

ప్రాంతీయ ప్రాముఖ్యం

నడికుడి నుంచి దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా శ్రీకాళహస్తి దాకా తలపెట్టిన సుమారు 309 కిలోమీటర్ల రైలుమార్గం ఎర్ర, నల్ల నేలలు రెంటినీ దాటుతుంది. కట్ట పోసే ప్రతి పొరకూ ఓఎంసీ, ఎండీడీ, క్షేత్ర సాంద్రతలు కావాలి. పని జరిగే చోట కోర్ కట్టర్ పట్టుకునే జూనియర్ ఇంజనీరు ఆ పని మొదట నేర్చుకునేది కళాశాల ల్యాబులోనే.

నాగార్జునసాగర్ శంకుస్థాపన 1955 డిసెంబరులో జరిగింది. రాతి ఆనకట్టకు రెండు పక్కలా మట్టికట్టలున్నాయి. కుడికాలువ గుంటూరు, ప్రకాశం పొలాలకు నీరిస్తుంది. రేగడిలో తవ్విన కాలువల లైనింగు ఉబ్బు ఒత్తిడికి పగలడం దేశంలో చాలా ప్రాజెక్టులు ఎదుర్కొన్న సమస్య. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల రూపకల్పనకు సీబీఆరే ఆధారం. ఇళ్ల విషయంలో పొదిలి పరిసరాల మేస్త్రీలు గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వడం, రేగడి తీసి ఇసుకో గ్రావెలో నింపడం అనుభవంతో చేస్తారు. ఎంత లోతున తేమ మారడం ఆగుతుందో, నింపిన గ్రావెల్ ఎంత దట్టించాలో పరీక్షలు కచ్చితంగా చెబుతాయి.

పరిమితులు, చర్చనీయాంశాలు

డిగ్రీ ల్యాబులో ఎక్కువగా వాడేది చెదిరిన మట్టి. చెదరని నమూనా తీయడం ఖర్చుతో కూడిన పని. అందువల్ల రేగడిలో నెర్రెలు, ఎర్రనేలలో రాతి శిథిలాల అల్లిక వంటి సహజ నిర్మాణం ల్యాబు ఫలితాల్లో కనిపించదు. ట్రైయాక్సియల్ వంటి పరికరం ఒకటే ఉంటే చాలామంది చూసేవారే అవుతారు, చేసేవారు ఒకరిద్దరే. స్టాండర్డ్ పెనెట్రేషన్ పరీక్ష పునాదుల పనిలో నిత్యం వాడేదైనా, బోరు యంత్రం కావాలి గనుక కళాశాలల్లో అరుదు. దాన్ని పనిస్థలానికి తీసుకెళ్లి చూపించడమే మార్గం.

ఎన్ని ప్రయోగాలు చేయించాలన్న దాని మీద రెండు వైఖరులున్నాయి. ప్రమాణాల్లోని ముఖ్య పరీక్షలన్నీ ఒకసారి చేతిమీదుగా పోవాలని ఒక వర్గం అంటుంది. ఉద్యోగంలో ఏ పరీక్ష ఎదురవుతుందో ముందే చెప్పలేమన్నది వారి వాదన. తక్కువ ప్రయోగాలు, ఎక్కువ నమూనాలు, ఫలితాల మీద లోతైన చర్చ కావాలని రెండో వర్గం అంటుంది. కొన్ని కళాశాలలు మధ్యేమార్గంగా అర్ధభాగం నిర్దేశిత ప్రయోగాలకు కేటాయించి, మిగతా భాగంలో ఒక్కో జట్టుకు తన ఊరి మట్టిని ఇచ్చి, వర్గీకరణ నుంచి సీబీఆర్ దాకా అన్నీ దానిమీదే చేయిస్తాయి. ఆ పద్ధతిలో దర్శి నుంచి వచ్చిన విద్యార్థి రేగడి నివేదిక, పొదిలి నుంచి వచ్చినవారి ఎర్రమట్టి నివేదిక ఒకే తరగతిలో పక్కపక్కన చర్చకు వస్తాయి. ఏ రోడ్డుకు ఎంత మందం కావాలో విద్యార్థులు ఆ అంకెలతోనే లెక్క వేస్తారు.